గాల్లో ఆపిన కారవాన్ ఇంజన్ మళ్ళీ అందుకోవడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న:

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే కంప్యూటర్ గేమ్‌లో సెస్నా గ్రాండ్ కారవాన్ విమానం, 208బీ. మూడు రాత్రులుగా ఇదే ప్రాక్టీసు. గన్నవరంలో లేచి మధురపూడి వైపు 9,500 అడుగుల్లో వెళ్తూ, ఏలూరు దాటగానే ఇంజన్‌కి ఇంధనం వదిలే ఫ్యూయల్ కండిషన్ లీవర్‌ని కావాలనే కట్‌ఆఫ్‌కి, అంటే ఇంధనం ఆగిపోయే చోటికి, లాగుతున్నాను. ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది కదా అని మొదటిరోజు లీవర్‌ని మళ్ళీ లో ఐడిల్‌కి తోశాను. చిన్న పిస్టన్ విమానం సెస్నా 172లో మిక్స్చర్ (ఇంధనం పాళ్ళు మార్చే లీవర్) తోస్తే అలాగే అందుకునేది. ఇక్కడ ఉలుకూ పలుకూ లేదు. రెండోరోజు లీవర్ ముందుకే ఉంచి స్టార్టర్ వేశాను, ఐటీటీ (టర్బైన్ల మధ్య ఉష్ణోగ్రత) ఎర్రగీత దాకా లేచిపోయింది. టెన్షన్‌లో మళ్ళీ కట్‌ఆఫ్ చేశాను. ఆ కంగారులో వేగం చూసుకోలేదు, 75 నాట్లకు పడిపోయింది. మూడు రోజులూ వరి పొలాల్లోనే దిగాను.

కంట్రోల్, ఈ కలిపి నొక్కితే దానంతటదే స్టార్ట్ అవుతుందని తెలుసు. నాకది వద్దు. చేత్తో చేయడం రావాలి.

మొదటి జవాబు:

మీరు ప్రొపెల్లర్‌ని నమ్ముకున్నారు, చిక్కంతా అక్కడే ఉందండీ. 172లో ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. కారవాన్‌లో ఉన్నది పీటీ6 అనే టర్బైన్ ఇంజన్. గాలిని కుదించి మంట నిలిపే భాగం వేరు, ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ వేరు, రెంటినీ కలిపే షాఫ్ట్ లేదు. చైన్ ఊడిన సైకిల్‌ని వాలులో వదిలితే చక్రం తిరుగుతుంది, పెడల్ కదలదు. మీ ముందు జరిగింది అదే. కాబట్టి ప్రొపెల్లర్‌ని కాదు, ఎన్‌జీని, అంటే గాలిని కుదించే ఆ భాగం వేగాన్ని చూడండి.

ఇంజన్ ఆగగానే ముందు ముక్కు దించి 95 నాట్లు పట్టుకోండి. ప్రొపెల్లర్ లీవర్ ఫెదర్‌కి లాగండి, దాని రెక్కలు అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిరుగుతాయి, గాలికి అడ్డం తగ్గుతుంది. దిగాల్సి వస్తే ఎక్కడ దిగాలో అప్పుడే చూసి పెట్టుకోండి. ఆ తర్వాతే ఇంజన్ సంగతి.

పవర్ లీవర్ ఐడిల్, కండిషన్ లీవర్ కట్‌ఆఫ్‌లోనే. రెండు ట్యాంకుల సెలెక్టర్లూ ఆన్, బూస్ట్ పంప్ ఆన్, ఇగ్నిషన్ ఆన్. ఏవియానిక్స్ ఆపేయండి, బ్యాటరీ బలమంతా స్టార్టర్‌కి కావాలి. ఇప్పుడు స్టార్టర్ వేసి చేతులు కట్టుకున్నట్టే కూర్చోండి. ఎన్‌జీ కనీసం 12 శాతం దాటి నిలకడగా ఉండాలి, అప్పుడే లీవర్ లో ఐడిల్‌కి. గాలి చాలకుండా ఇంధనం వదిలితే మంటను చల్లార్చేది ఉండదు, అందుకే రెండోరోజు ఐటీటీ అలా లేచింది. లీవర్ తోశాక కళ్ళు ఐటీటీ మీదే ఉంచండి. 10 సెకన్లలో అందుకోకపోతే కట్‌ఆఫ్ చేసి స్టార్టర్ ఆపండి. స్టార్టర్ 30 సెకన్లు తిరిగితే 60 సెకన్లు విశ్రాంతి ఇవ్వాలి. ఇంజన్ ఐడిల్‌కి వచ్చాక స్టార్టర్ మీరే ఆఫ్ చేయాలి, చాలామంది మరిచేది ఇదే. జనరేటర్ పనిచేస్తోందని చూసుకున్నాక ప్రొపెల్లర్ ముందుకు తోయండి.

రెండో జవాబు:

పై జవాబు పీటీ6కి నూటికి నూరు పాళ్ళు సరైనది. కానీ దీన్నే డోర్నియర్ 228లో చేయబోకండి. కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసే ఆ విమానంలో ఉండేది టీపీఈ331 అనే మరో రకం ఇంజన్, దానిలో చైన్ ఊడలేదు. ప్రొపెల్లర్, కంప్రెసర్ గేర్ల ద్వారా కలిసే ఉంటాయి. అన్‌ఫెదర్ పంప్‌తో ప్రొపెల్లర్ రెక్కల కోణం మారిస్తే ఎదురుగాలే ఇంజన్‌ని తిప్పుతుంది.

ఇంకొకటి. మీరు ఆపింది ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ని. మంట వచ్చో లోపల ఏదో విరిగో ఆగితే మళ్ళీ వెలిగించే ప్రయత్నమే చేయకూడదు. ప్రాక్టీసులో కూడా ముందు కారణం వెతికే అలవాటు పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. రాత్రి మళ్ళీ చేశాను. 95 నాట్లు పట్టుకుని, తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే వైపు తిప్పి పెట్టుకున్నాను. ఎన్‌జీ 12 దాటేదాకా లీవర్ మీద చెయ్యి వేయలేదు. ఆ కొన్ని సెకన్లు ఎంత పొడుగనిపించాయో! లీవర్ తోశాక ఐటీటీ లేచి, ఎర్రగీతకు చాలా కిందే ఆగి, మెల్లగా దిగింది. 6,200 అడుగుల దగ్గర ఇంజన్ చేతికొచ్చింది. గోదావరి దాటి మధురపూడిలో మామూలుగా దిగాను.

రేపు 4,000 అడుగుల్లో ఆపి చూస్తాను. అంత తక్కువ ఎత్తులో ఫెదర్ చేశాక స్టార్టర్‌కి ఒక్క అవకాశమే పెట్టుకోవాలా, రెండోసారి కూడా ప్రయత్నించవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

ఒక్కటే. అదీ రన్‌వేకి తిప్పాకే.