యూదు మతంలోకి వెళ్లాలని ఉంది. రబ్బీ (యూదు మతగురువు) "ఎందుకమ్మా నీకీ బరువు" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

మలిసంధ్య అడిగారు:

అందరికీ నమస్కారం. మీ చర్చలు చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నాతో పనిచేసే ఒకావిడ యూదురాలు. రెండేళ్ల కిందట వాళ్ల నాన్నగారు పోతే పలకరించడానికి వెళ్లాను. వెళ్లేముందు ఇంకొకరు చెప్పారు: తలుపు తీసే ఉంటుంది, కొట్టకుండా లోపలికెళ్లు, ఆవిడ లేచి రాదు, ఆవిడ నోరు విప్పేదాకా నువ్వు మాట్లాడొద్దు అని. వెళ్లేసరికి ఆవిడ నేలకు బాగా దగ్గరగా ఉన్న చిన్న పీట మీద కూర్చుని ఉంది. చొక్కా గుండె దగ్గర చింపి ఉంది. అద్దాల మీద గుడ్డలు కప్పేశారు. ఇరవై నిమిషాలు ఆవిడా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మా నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ "ధైర్యంగా ఉండాలి, నువ్వే ఇలా అయిపోతే మీ అమ్మ ఏమవుతుంది" అన్నవాళ్లే. నన్ను కాసేపు ఏడవనిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ ఇరవై నిమిషాల్లో, పరాయివాళ్లింట్లో కూర్చుని, మా నాన్న కోసం కడుపారా ఏడ్చాను.

ఆ ఏడు రోజుల్ని షివా అంటారని తరవాత తెలిసింది. బైబిల్లో కష్టాలపాలైన యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు కదా, దుఃఖంలో ఉన్నవాళ్లే ముందు మాట్లాడాలన్న నియమం దాన్నుంచి తీసుకున్నదేనట. బాధలో ఉన్న మనిషి దగ్గర ఎలా కూర్చోవాలో కూడా ఆలోచించి నియమం పెట్టుకున్నవాళ్లు మిగతా బతుకు గురించి ఏమనుకున్నారో తెలుసుకోవాలనిపించింది. అలా మొదలైంది చదవడం.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. ఇరవై రెండు హీబ్రూ అక్షరాలూ వచ్చాయి. దాలెత్‌కీ రేష్‌కీ, బెత్‌కీ కాఫ్‌కీ ఇంకా తికమకపడుతున్నా, అచ్చు గుర్తులుంటే కూడబలుక్కుని చదువుతాను. ప్రతి వారం ఆ వారపు తోరా (మోషే అయిదు పుస్తకాలు) భాగం అనువాదంలో చదివి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రెండు నెలల కిందట ఒక రబ్బీగారికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఈసారి నాలుగు వాక్యాలు వచ్చాయి. నోవహు సంతానానికి ఇచ్చిన ఏడు నియమాలు పాటించే మంచిమనిషికి రాబోయే లోకంలో భాగం ఎలాగూ ఉంటుంది, ఆరువందల పదమూడు ఆజ్ఞల బరువు నీకెందుకమ్మా అని.

అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. రావద్దని చెప్పినట్టా అది?

ఇంకో రెండు అడగాలి. ఒకటి, ఈలోపు నేను షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా ఉండే విశ్రాంతి రోజు) పాటించొచ్చా? ఎంతవరకు? రెండోది అసలు నన్ను నిద్రపోనివ్వనిది. మతం మారినవాళ్లు అప్పుడే పుట్టిన బిడ్డతో సమానం అని యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో ఉందని చదివాను. పాత చుట్టరికాలు లెక్కలోకి రావని అర్థమట. అది అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను. "అయితే నేను నీకేమీ కానా" అంది. నా దగ్గర జవాబు లేదు.

పరిగె జవాబిచ్చారు:

అమ్మా మలిసంధ్యా, ముందు అన్నం తిను. అది రావద్దని చెప్పడం కాదు.

నేను మిక్వేలో, అంటే మతంలోకి వచ్చేటప్పుడు మునిగే నీళ్ల తొట్టిలో, మునిగి పదకొండేళ్లయింది. నాకూ మొదటి జవాబు ఇలాంటిదే వచ్చింది, ఇంతకన్నా పొట్టిది. తాల్ముద్‌లో యెవామోత్ అనే భాగం ఉంది, దాన్లో 47వ పుట తీసి చదువు. మతంలోకి వస్తానన్న మనిషిని ఏం అడగాలో అక్కడుంది. "ఏం చూసి వచ్చావు? ఈ జనం కష్టాల్లో, అణచివేతలో ఉన్నారని తెలీదా?" అని అడగాలి. "తెలుసు, నేను అందుకు కూడా తగను" అంటే వెంటనే తీసుకోవాలి. తరవాత కొన్ని తేలిక ఆజ్ఞలు, కొన్ని బరువైనవి చెప్పాలి. అయితే మరీ ఎక్కువ చెప్పకూడదు, మరీ లోతుకు పోయి బెదరగొట్టకూడదు. ఆ చెప్పేవాటిలో పేదల కోసం పొలంలో పరిగె వదలడం, పొలం మూల కోయకుండా ఉంచడం పేరుపెట్టి ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైన చోటు అది. బైబిల్లో యూదుల్లోకి వచ్చి చేరిన రూతు, బోయజు పొలంలో ఏరుకున్నది ఆ పరిగెనే కదా. నా పేరు అక్కణ్నుంచే పెట్టుకున్నాను.

మూడుసార్లు వెనక్కి పంపే ఆచారం కూడా రూతు కథలోదే. రూతు అత్త నయోమి కోడళ్లతో తిరిగి వెళ్లండి అని మూడుసార్లు అంటుంది. అందుకే మూడుసార్లు తిప్పి పంపి, అప్పటికీ వస్తే దగ్గరకు తీసుకోవాలని పెద్దలు అన్నారు. అందరు రబ్బీలూ లెక్కపెట్టి మూడు చేయరు. వాళ్లు చూసేది నువ్వు మళ్లీ వస్తావా లేదా అనే. ఎవరినీ బలవంతంగా చేర్చుకునే మతం కాదిది. ఇందులో లేకపోతే నీకు మోక్షం లేదు అనే మాట వాళ్ల నోట రాదు. కాబట్టి ఆయన రాసింది నిజంగా నీ మంచి కోరే.

నువ్వు ఉత్తరంలో ఏం రాశావో నాకు తెలీదు. నా మొదటి రెండు ఉత్తరాల్లో నేను చదివిన పుస్తకాల జాబితా రాశాను. మూడోదాంట్లో అవేమీ రాయలేదు. శనివారం పొద్దున ప్రార్థనకు వచ్చి వెనక వరసలో కూర్చోవచ్చా అని మాత్రం అడిగాను. రమ్మన్నారు. ఏడాదిన్నర ప్రతి వారం వెళ్లాను. పుస్తకాల్లోంచి నేర్చుకోలేనిది అక్కడుంది: ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మూడడుగులు వెనక్కి వేయాలి, దేవుడు ఒక్కడే అని చెప్పే షెమా ప్రార్థన చెప్పేటప్పుడు కళ్లమీద చెయ్యి ఎందుకు. మతం మార్చడానికి ముందు అన్ని పండగలూ కనీసం ఒక చుట్టు నువ్వు వాళ్లతో గడపాలని చాలామంది రబ్బీలు కోరుకుంటారు.

"ఏం చూసి వచ్చావు" అని ముగ్గురు కూర్చుని అడిగే రోజు వస్తుంది. ఆ ముగ్గురు రబ్బీల మతన్యాయసభను బెత్ దీన్ అంటారు. దానికి జవాబు నీ దగ్గర అప్పుడే ఉంది. ఆ పీట, ఆ ఇరవై నిమిషాలు.

సగంరాత్రి_దీపం జవాబిచ్చారు:

నేను ఇంకా దారిలోనే ఉన్నాను, ఆర్థడాక్స్ (పాత నియమాలన్నీ పాటించే శాఖ) రబ్బీ దగ్గర మూడో ఏడాది. షబ్బాత్ గురించి చెప్తాను.

యూదులు కానివాళ్లు షబ్బాత్‌ను పూర్తిగా పాటించకూడదని తాల్ముద్ భాగమైన సన్హెద్రిన్‌లో ఉంది. అందుకే ఆర్థడాక్స్ దారిలో నేర్చుకునేవాళ్లు ఆ రోజంతా పాటిస్తూనే, నిషేధించిన ముప్పై తొమ్మిది రకాల పనుల్లో ఒక్కటి కావాలని చేస్తారు. నేను ప్రతి వారం ఒక్కసారి లైటు స్విచ్ వేస్తాను. ఆ క్షణం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది, నేనింకా వాకిట్లోనే ఉన్నానని గుర్తుచేస్తుంది. మెట్లు ఎగిరి దూకొద్దని మా రబ్బీగారి మాట. మీరు మొదట శుక్రవారం సూర్యాస్తమయం నుంచి పడుకునేదాకా ఫోన్ ఆపేయండి. చాలా సముదాయాల్లో సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందే దీపాలు వెలిగిస్తారు, ఆ వేళకల్లా పనులు ముగించుకోవడం అలవాటు చేసుకోండి. అది నిలబడ్డాక శనివారం పొద్దున కలపండి. రిఫార్మ్ (నియమాల్లో సడలింపు ఉన్న శాఖ) రబ్బీ దగ్గర నేర్చుకుంటుంటే ఈ స్విచ్ పట్టింపు సాధారణంగా ఉండదు.

ఏ శాఖ అన్నది మీరడగలేదు కానీ ముందే తేల్చుకోవాల్సిన విషయం. రిఫార్మ్, కన్సర్వేటివ్ (ఈ రెంటికీ మధ్యలో ఉండే శాఖ) రబ్బీలు చేసిన మతమార్పిడిని ఆర్థడాక్స్ వాళ్లు ఒప్పుకోరు. ఇజ్రాయెల్‌లో ఇది ఇంకా చిక్కు. యూదులు వచ్చి స్థిరపడే హక్కునిచ్చే 1950 నాటి రిటర్న్ చట్టం, 1970 సవరణ ప్రకారం మతం మారినవాళ్లకు కూడా పౌరసత్వ హక్కు ఉంది. దేశంలోపల రిఫార్మ్, కన్సర్వేటివ్ పద్ధతుల్లో మారినవాళ్లకూ ఆ హక్కు ఉందని 2021 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. యూదుల పెళ్లిళ్లు మాత్రం చీఫ్ రబ్బినేట్ అనే అధికారిక మతసంస్థ చేతిలో ఉన్నాయి, వాళ్లు ఆర్థడాక్స్ మార్పిడినే లెక్కలోకి తీసుకుంటారు. పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి: హలాఖా (యూదు ధర్మశాస్త్రం) ప్రకారం మతం మారిన స్త్రీ, కోహెన్ (పూజారి) వంశంలో పుట్టినవాణ్ని చేసుకోకూడదు. మనసు ఎవరిమీదో పడ్డాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మేలు. ఇవన్నీ పక్కనపెట్టి ఒకటి అడుగుతాను. ఏ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనాలయంలో) కూర్చుంటే అక్కడి బతుకు మీరు నిజంగా బతకగలరనిపిస్తోంది? ఆ రబ్బీతో మాట్లాడండి.

ఇంకో జాగ్రత్త. యేసును మెస్సీయగా నమ్ముతూ యూదు పద్ధతులు పాటించే బృందాలు చాలా ఆప్యాయంగా పిలుస్తాయి. వాళ్ల నమ్మకం వాళ్లది, కానీ యూదు మతంలోని ఏ ప్రధాన శాఖా దాన్ని యూదు మతంగా ఒప్పుకోదు. అక్కడ నేను ఏడు నెలలు గడిపాక ఆ తేడా తెలిసింది.

మగవాళ్లు ఎవరైనా చదువుతుంటే: సున్నతి ఉంటుంది. ముందే అయినవాళ్లకు ఒక్క చుక్క నెత్తురు తీస్తారు.

ఒడ్డున జవాబిచ్చారు:

నేను రెండేళ్లు చదివి, మారకూడదని నిర్ణయించుకున్నాను. అదీ ఒక జవాబేనని చెప్పడానికి రాస్తున్నాను. మా రబ్బీగారు ఒకరోజు నాతో స్పష్టంగా అన్నారు, నీళ్లలో మునగకముందు ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు, మునిగాక వెళ్లడమంటూ లేదు అని. మునిగి బయటికొచ్చిన మనిషి రేపు అన్నీ మానేసినా యూదుడే, తప్పుచేసిన యూదుడు, అంతే. తాల్ముద్‌లో అదే పుటలో ఉంది. ఆ రాత్రి నాలో నేను వెతుక్కుంటే ఆ దేవుడి మీద ప్రేమ కనిపించింది, ఆజ్ఞలన్నీ జీవితాంతం మోస్తానన్న మాట మాత్రం దొరకలేదు. అబద్ధం చెప్పి లోపలికి వెళ్లలేకపోయాను. ఇప్పటికీ ఆ ఇంటివాళ్లు పస్కా పండగకు నన్ను పిలుస్తారు, వెళ్తాను. తొందరపడకండి మలిసంధ్యగారూ.

మలిసంధ్య:

ముగ్గురికీ దండాలు. ఒడ్డునగారూ, మీది నాలుగుసార్లు చదివాను. నాలో కూడా వెతుక్కోవాలి. పరిగె అక్కా, మీరు అమ్మ సంగతి చెప్పలేదు. మీకూ అమ్మ ఉన్నారా?

పరిగె:

ఉండేది తల్లీ. పోయినేడు పోయింది. అందుకే మొన్న వెంటనే రాయలేకపోయాను.

"అప్పుడే పుట్టిన బిడ్డ" అన్నది చట్టం మాట. వారసత్వం, సాక్ష్యం, ఎవరు ఎవరికి చుట్టం అన్న లెక్కల దగ్గర వాడే సూత్రం. ప్రేమ గురించి కాదు. మైమోనిడీస్ అనే యూదు పండితుడు పన్నెండో శతాబ్దంలో తన ధర్మశాస్త్రంలో దీన్ని ఎదురుగానే తీసుకున్నాడు. మతం మారినవాడు యూదుడు కాని తన తండ్రిని తిట్టకూడదు, కొట్టకూడదు, అవమానించకూడదు, గౌరవం చూపాలి అన్నాడు. లేకపోతే జనం వీడు ఎక్కువ పవిత్రతలోంచి తక్కువ పవిత్రతలోకి వచ్చాడని అంటారు అని కారణం చెప్పాడు. అంటే ఇక్కడికి వచ్చాక అమ్మను నిన్నటికన్నా తక్కువ చూస్తే, నువ్వు వచ్చినదానికే మచ్చ.

అదే మైమోనిడీస్‌కు ఓవద్యా అనే మతం మారినాయన ఉత్తరం రాశాడు. ప్రార్థనలో "మా పితరుల దేవా" అని నేను అనొచ్చా, నా పితరులు వీళ్లు కారు కదా అని. అను, ఒక్క అక్షరం మార్చకుండా అను, అబ్రాహాము తన దారిన నడిచే ప్రతివాడికీ తండ్రి అని జవాబు రాశాడు. అందుకే మనల్ని తోరా దగ్గర అబ్రాహాము కూతురు, కొడుకు అని పిలుస్తారు. నేను అమ్మకు ఇది చెబితే ఆవిడ కాసేపు ఆగి, "నాన్న ఇంకొకరు దొరికారు సరే, అమ్మను నేనేగా" అంది. అబ్రాహాము భార్య సారా పేరు కూడా ఉంటుందని నేను చెప్పలేదు. తరవాత చెప్పాను.

మిక్వే రోజున అమ్మ నాతో వచ్చింది. వాన నీరో ఊట నీరో నలభై సెయాలు (సెయా పాతకాలపు కొలత) నిండి ఉండాలి, ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డు ఉండకూడదు. గోళ్లరంగు, ఉంగరం, చెవిపోగు అన్నీ తీసేయాలి. నా ఉంగరం ఎన్నేళ్లనుంచో బిగిసిపోయింది, రాలేదు. అమ్మే సబ్బు పెట్టి మెల్లగా తిప్పి తీసింది. లోపల సహాయం చేసే ఆవిడ ఒక్కతే నాతో ఉంది. రబ్బీలు ముగ్గురూ తలుపవతలే నిలబడి నేను చెప్పే ఆశీర్వచనం విన్నారు. మొదటి మునకలో ఒక వెంట్రుక పైన తేలిందని మళ్లీ మునగమన్నారు. బయటికొచ్చేసరికి అమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడింది, ఉంగరం తన వేలికి పెట్టుకుని. తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

మీ అమ్మకు నియమాలు చెప్పకు, పని చెప్పు. అక్షరాలు నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకో.

మలిసంధ్య:

అక్కా, ఏడుస్తూ చదివాను. నిన్న రాత్రి నోటుబుక్కు తీసి అమ్మ ముందు పెట్టాను. ఆలెఫ్ రాసి చూపించాను. కుడి నుంచి ఎడమకి రాస్తారా అంది. దాలెత్, రేష్ రెండూ పక్కపక్కన రాసి తేడా ఏంటో చెప్పమన్నాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, దీనికి వెనక మూల ఉంది, దీనికి గుండ్రంగా ఉంది అంది. పద్నాలుగు నెలల్లో నా కంటికి ఆనలేదది.

మూడో ఉత్తరం రాశాను. పుస్తకాల పేర్లు లేవు. పీట, అద్దాలు, ఇరవై నిమిషాలు రాసి, చివర వెనక వరసలో కూర్చోవచ్చా అని అడిగాను. ఈరోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఒక్క వాక్యం: శనివారం తొమ్మిదింటికి రండి.

తొమ్మిది అంటే తొమ్మిదికే వెళ్లాలా, ముందే వెళ్లాలా? చేతిలో ఏమైనా తీసుకెళ్లొచ్చా?

పరిగె:

పది నిమిషాలు ముందే వెళ్లు. చేతిలో ఏమీ వద్దు, ఫోన్ సంచిలో ఆపేసి ఉంచు, అక్కడ ఏదీ రాయకు. సిద్దూర్ (ప్రార్థన పుస్తకం) వాళ్లే ఇస్తారు. పక్కనున్న పెద్దావిడను ఏ పుటలో ఉన్నామని అడుగు, ప్రతి పది నిమిషాలకూ అడుగు, ఏమీ అనుకోరు. తోరా చుట్ట బయటికి తీసినప్పుడు అందరితోపాటు లేచి నిలబడు.