స్ప్లెండర్‌లో కారు ఆయిల్ పోసిన, క్లచ్ జారుతుంది, ఏం చెయ్యాలె?

ఖమ్మం_కుర్రాడు:
అన్నలూ, నాన్న స్ప్లెండర్ ఇప్పుడు నేనే నడుపుతున్న, రోజూ ఖమ్మం నుంచి వైరా పోయి రావాలె. మొన్న ఆయిల్ నల్లగైందని నేనే దించేసి, కారుకు పోయగా మిగిలిన 5డబ్ల్యూ-30 గ్రేడ్ ఫుల్ సింథటిక్ ఆయిల్ ఉంటే అదే పోసిన, ఖరీదైంది కదా మంచిదే అనుకున్న. రెండ్రోజుల నుంచి రేజ్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి పోతలేదు, ఎత్తు మీద ఇంకా ఘోరం. మెకానిక్ క్లచ్ ప్లేట్లు పోయినయ్ మార్చాల్సిందే అంటుండు. నిజమేనా?

గేర్_బండి:
ప్లేట్లు ఇప్పుడే మార్చకు తమ్ముడూ. మన బైకుల్లో క్లచ్ ఇంజిన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది, కారుకి ఆ గొడవ లేదు, అందుకే కొన్ని కారు ఆయిల్స్‌లో మైలేజ్ కోసం రాపిడి తగ్గించేవి కలుపుతారు, అవి ప్లేట్ల పట్టు తీసేస్తాయి. డబ్బా వెనక గుండ్రటి ముద్రలో రిసోర్స్ కన్సర్వింగ్ అని ఉందేమో చూడు, ఉంటే ఆ రకమే. బైక్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి, ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే జపాన్ ప్రమాణం అది. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే మొత్తం దించి సరైంది పోసి వంద కిలోమీటర్లు తిప్పి ఇంకోసారి మార్చు, మా తమ్ముడి బండికి అలాగే సర్దుకుంది. క్లచ్ లివర్ ఫ్రీ ప్లే, అంటే లివర్ నొక్కితే క్లచ్ లాగే ముందు ఖాళీగా కదిలేది, అది కూడా చూడు.

గుంటూరు_మాస్టారు:
పైన చెప్పింది కరెక్టండి. ఇంకోటి, నల్లబడిందంటే పాడైందని కాదు, లోపలి మసిని ఆయిల్ పట్టుకుంటోందనే అర్థం. పాల టీ రంగుకొస్తే మాత్రం నీళ్లు కలిసినట్టు, వెంటనే మార్చాలి. మాన్యువల్లో ఉన్న కిలోమీటర్లు చూస్కోండి, నేనైతే ట్రాఫిక్‌లో తిప్పే బండికి 3000కే మారుస్తా, తక్కువ తిరిగినా ఏడాది దాటనివ్వను. ఎండాకాలమని 20డబ్ల్యూ-50 పొయ్యమంటారు, వద్దండి, ఆ రెండో నంబరు ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనం, ఇంజిన్‌ని దేనికి తయారుచేశారో అదే పొయ్యాలి. లెవెల్ చూసేటప్పుడు మెయిన్ స్టాండ్ వేసి, డిప్‌స్టిక్ బిగించకుండా ఊరికే ఆనించి తీయండి.

స్కూటీ_అక్క:
మరి యాక్టివాకి కూడా ఎంఏ నేనా?

గేర్_బండి:
కాదక్కా, స్కూటర్ క్లచ్ పొడిగానే ఉంటుంది, దానికి జాసో ఎంబీ అని ఉన్నది. ఆ డబ్బా మాత్రం గేర్ బండికి వాడకండి.

ఖమ్మం_కుర్రాడు:
డబ్బా మీద రిసోర్స్ కన్సర్వింగ్ అనే ఉందన్నా. నిన్న మార్చిన, ఫ్రీ ప్లే కూడా అస్సలు లేకుండె, సరిచేసిన. ఇప్పుడు జారుడు చానా తగ్గింది, పై గేర్లో ఎత్తెక్కితేనే కొంచెం ఉంది, ఆదివారం ఇంకోసారి మారుస్త. దించిన ఆయిల్ మోరీల పొయ్యకుండ డబ్బాల పట్టి పెట్టిన, పాత ఆయిల్ కొనేటాయనకు ఇస్త.