మేఘాలయ గుహలకి జులైలో వెళ్లొచ్చా?

మా బ్యాచ్ జులైలో మేఘాలయ ప్లాన్ చేస్తోంది, టూరిస్ట్ గుహలు కాదు, గైడ్‌తో లోపలిదాకా వెళ్లేవి. లోపల వాన ఎలాగూ పడదు కదా, ఇంకేం ప్రాబ్లం?

↳ వద్దు బ్రో. అవి సున్నపురాయి గుహలు, చాలావాటిల్లో వాగులే పారతాయి, మీ దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన కుండపోత పడితే ఆ నీళ్లన్నీ లోపలికొచ్చి దారి మూసుకుపోద్ది. 2018 జూన్‌లో థాయిలాండ్ థామ్ లువాంగ్‌లో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ ఇరుక్కుంది ఇలాగే, అందర్నీ బయటికి తెచ్చేసరికి జులై 10.

↳ మేఘాలయలోని క్రెమ్ లియాట్ ప్రా గుహ 30 కిలోమీటర్ల పైనే ఉంటది, అలాంటివి సర్వే చేసే టీమ్‌లే చలికాలంలో, ఎక్కువగా ఫిబ్రవరిలో వెళ్తాయి. అప్పుడూ నీళ్లుంటాయి, తడిస్తే వణుకే, కాటన్ బట్టలు మాత్రం వద్దు.

↳ అంత ఆగలేకపోతే మన బెలూం చూసి రండి, ఉక్కపోతకి చెమటలు గ్యారంటీ 😄