ఎరిక్ లిండ్రోస్‌ను గొప్పవారి వరుసలో ఎక్కడ నిలబెట్టాలి?

ప్రశ్న: ఉత్తరవాహిని (టొరంటో)

ఐస్ హాకీ గురించి ఇక్కడ చర్చ జరగడం అరుదే. అయినా కెనడాలోనూ అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ స్థిరపడిన మనవాళ్లలో ఈ ఆటను శ్రద్ధగా చూసేవారు కొందరున్నారన్న నమ్మకంతో అడుగుతున్నాను. మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల వేళ ఎరిక్ లిండ్రోస్ పేరు వచ్చిందంటే చాలు, బల్లకు ఆ చివర ఉన్నవారూ ఈ చివర ఉన్నవారూ వాదనకు దిగుతారు.

అతడు 2007 నవంబరులో ఆట నుంచి తప్పుకున్నాడు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 760 మ్యాచ్‌లు ఆడి 372 గోల్స్, 493 అసిస్టులు (ఇతరుల గోల్‌కు దారితీసిన పాస్‌లు), రెండూ కలిపి 865 పాయింట్లు సాధించాడు. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ ఒకసారి వచ్చింది, లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ మాత్రం ఒక్కసారీ అందలేదు. దిగ్గజాలైన గ్రెట్స్కీ, లెమ్యూ తరవాత ఆటను ఏలవలసినవాడు ఇతడేనని పదహారేళ్ల వయసు నుంచే పత్రికలు రాసిన మాటలతో పోల్చితే ఈ లెక్క చిన్నదే. ఆ ఆశలను పక్కన పెట్టి చూస్తే మాత్రం చాలామందికి కలలో కూడా అందనిది. 2010లోనే అర్హత వచ్చినా, ఆటలోని గొప్పవారికి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు 2016 దాకా తెరుచుకోలేదు. ఆ గౌరవం అతడి ఆటకు దక్కిందా, లేక గాయాలతో కుప్పకూలిన జీవితంపై జాలితో ఇచ్చిందా? ఆ ఆరేళ్ల జాప్యానికి అసలు కారణం ఏమిటి? ఆటను దగ్గరగా చూసినవారు చెబితే సంతోషిస్తాను.

జవాబు: సెయింట్ లారెన్స్ తీరం

క్యూబెక్‌లో కాపురముంటూ ఈ విషయంలో తటస్థంగా ఉండటం సాధ్యం కాదు కాబట్టి, నా మాటలను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

లిండ్రోస్ కథలో నన్ను బాధించేది గాయాలు కాదు, "నేను రాను" అన్న మాట. 1989లో సూ సెయింట్ మరీ గ్రేహౌండ్స్ అనే జూనియర్ జట్టు ఎంచుకుంటే అక్కడికి వెళ్లనన్నాడు. ఒషావా జనరల్స్‌లో చేరి మరుసటి ఏడాది జూనియర్ జట్ల మెమోరియల్ కప్ గెలిచాడు. 1991లో ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో క్యూబెక్ నోర్డిక్స్ మొట్టమొదటి ఎంపికగా పేరు పిలిచినప్పుడు వేదిక మీదికి వచ్చి, ఇచ్చిన జెర్సీని చేత్తో పట్టుకున్నాడే గాని తొడుక్కోలేదు. తన అభ్యంతరమంతా జట్టు యజమానితోనే గాని ఫ్రెంచి భాషతోనో ఊరి ప్రజలతోనో కాదని తరవాత పలుమార్లు చెప్పాడు. నిజమే కావచ్చు. అయితే పద్దెనిమిదేళ్ల కుర్రాడి తిరస్కారాన్ని ఆ ఊరు తన భాషకు జరిగిన అవమానంగానే తీసుకుంది, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అలాగే చెప్పుకుంటారు.

ఇక బేరం సంగతి చూడండి. 1992 జూన్‌లో నోర్డిక్స్ యాజమాన్యం అతణ్ని ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌కూ న్యూయార్క్ రేంజర్స్‌కూ ఇద్దరికీ మాటిచ్చి కూర్చుంది. మధ్యవర్తి లారీ బెర్టూజీ జూన్ 30న ఫ్లయర్స్ పక్షాన తీర్పు చెప్పాడు. బదులుగా ఫ్లయర్స్ ఇచ్చుకున్నది పీటర్ ఫోర్స్‌బెర్గ్, రాన్ హెక్స్‌టాల్, మైక్ రిచీ, స్టీవ్ డుషేన్, కెరీ హఫ్‌మన్, క్రిస్ సైమన్, రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు, వాటిపైన కోటిన్నర డాలర్లు. నోర్డిక్స్ 1995లో కొలరాడోకు తరలిపోయి, మొదటి ఏడాదే స్టాన్లీ కప్ గెలిచింది. ఆ జట్టులో ఫోర్స్‌బెర్గ్, రిచీ, సైమన్ ముగ్గురూ ఉన్నారు. ఆ డ్రాఫ్ట్ హక్కుల్లో ఒకదానితో తీసుకున్న గోల్‌కీపర్ టిబోను మోంట్‌రియల్‌కు ఇచ్చిన బేరంలోనే మేటి గోల్‌కీపర్ పాట్రిక్ రువా వారి చేతికి వచ్చాడు. ఒక్కడి కోసం మరో ఊరికి కప్పు కట్టబెట్టినట్టయింది. ఆ ఒక్కడు మాత్రం తన ఊరికి కప్పు తేలేకపోయాడు. 1997 ఫైనల్లో డెట్రాయిట్ వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఫ్లయర్స్‌ను ఊడ్చిపెట్టింది, అందులో లిండ్రోస్ గోల్ ఒకే ఒక్కటి.

జవాబు: డెలావేర్ ఒడ్డు (ఫిలడెల్ఫియా)

బేరం నష్టదాయకమైతే ఆ తప్పు సంతకాలు పెట్టిన పెద్దలది. అమ్ముడుపోయిన కుర్రాడి ఖాతాలో ఎందుకు రాయాలి? నోర్డిక్స్ ఊరు వదిలి వెళ్లిపోవడానికి కారణం డబ్బు, కొత్త స్టేడియం లేకపోవడం. ఫిలడెల్ఫియా నుంచి ముట్టిన కోటిన్నర డాలర్లు ఆ జట్టుకు చేదేమీ కాలేదు.

ఉత్తరవాహిని గారూ, మీరిచ్చిన 865 పాయింట్లను ఒకే ముద్దగా చూడకుండా రెండుగా విడదీసి చూడండి. ఫ్లయర్స్ తరఫున 486 మ్యాచ్‌ల్లో 659 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు దాదాపు 1.36. ఆ తరవాత రేంజర్స్, టొరంటో, డాలస్ జట్లలో కలిపి 274 మ్యాచ్‌ల్లో 206, అంటే 0.75. ఈ రెండు అంకెల నడుమ ఉన్నది వయసు పైబడటం ఒక్కటే కాదు. ఫ్లయర్స్ తరఫున చివరి మ్యాచ్ ఆడిన నాటికి అతడికి 27 ఏళ్లు. సగటు ఆటగాడు పదునెక్కే వయసది.

యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య వివాదంతో వచ్చిన లాకౌట్ వల్ల 48 మ్యాచ్‌లకు కుదించిన 1995 సీజన్‌లో 46 మ్యాచ్‌ల్లో 70 పాయింట్లు చేసి పిట్స్‌బర్గ్ ఆటగాడు యాగ్ర్‌తో సమానంగా లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. గోల్స్ ఎక్కువున్నందున, అత్యధిక పాయింట్లకు ఇచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ యాగ్ర్‌కు వెళ్లింది, హార్ట్ ట్రోఫీ ఇతడికి వచ్చింది. మరుసటి సీజన్‌లో 73 మ్యాచ్‌ల్లో 115 పాయింట్లు. సెయింట్ లారెన్స్ గారు ఎత్తిచూపిన 1997లో కూడా ఫైనల్ దాకా జట్టును మోసుకెళ్లింది ఇతడే, ఆ ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం జరిగే నాకౌట్ దశలో) 19 మ్యాచ్‌ల్లో 26 పాయింట్లు చేశాడు.

అంకెలకు అందనిది మరొకటుంది. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, 240 పౌండ్ల బరువు ఉన్న ఆటగాళ్లు అప్పటికీ ఉన్నారు. కాకపోతే వాళ్లు దెబ్బలాటకో, గోల్ ముందు అడ్డు నిలవడానికో పనికొచ్చేవాళ్లు. లిండ్రోస్ గోల్ వెనక మూలలో ఇద్దరు డిఫెన్స్‌మన్లు మీదపడినా భుజంతో వారిని కాచుకుంటూ, ఒక చేత్తోనే స్టిక్ పట్టి పక్‌ను (ఆటలో బంతి బదులు వాడే బిళ్లను) బయటికి లాగి, సహచరుడు లెక్లేర్ ఎక్కడున్నాడో చూడనట్టే ఉండి సరిగ్గా అతడి స్టిక్ మీదికి పంపేవాడు. లెక్లేర్, రెన్‌బెర్గ్‌లతో కలిసి ఆడిన ఆ ముగ్గురి వరుసను లీజన్ ఆఫ్ డూమ్ (వినాశన దళం) అని ఊరికే పిలవలేదు. ఆ కాలంలో వాళ్లు మంచు మీదికి దిగితే ఎదుటి కోచ్‌లు తమ వరుసలను మార్చుకునేవారు. ఈ ఆటలో బలానికీ నైపుణ్యానికీ ఉన్న పాత సరిహద్దును చెరిపినవాడు అతడు.

జవాబు: పునరావాసం (వరంగల్ నుంచి న్యూజెర్సీ)

నేను వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. న్యూజెర్సీ డెవిల్స్ అభిమానిని కూడా. ఈ రెండింటికీ లిండ్రోస్ విషయంలో బొత్తిగా పొసగదు.

2000 మే 26న ఫ్లయర్స్‌కూ డెవిల్స్‌కూ మధ్య ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (స్టాన్లీ కప్ ఫైనల్‌కు ముందు మెట్టు) ఏడో మ్యాచ్. అంతకు ముందు మ్యాచ్‌కే తిరిగి వచ్చి గోల్ కొట్టిన లిండ్రోస్, మొదటి పీరియడ్‌లో పక్‌ను తీసుకుని తల దించుకుని మా జట్టు బ్లూ లైన్ (గోల్ వైపు ప్రాంతాన్ని విడదీసే గీత) దాటుతున్నాడు. మా డిఫెన్స్‌మన్ స్కాట్ స్టీవెన్స్ ఎదురుగా వచ్చి భుజంతో ఢీకొట్టాడు. దెబ్బ దవడకు తగిలింది, పడుతూనే తల మంచుకు కొట్టుకుంది. రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు, ఎందుకంటే అప్పటి నిబంధనల ప్రకారం అందులో తప్పే లేదు. మేము 2-1తో గెలిచి ఆపై కప్పు కూడా గెలిచాం. లిండ్రోస్ మరి ఫ్లయర్స్ జెర్సీలో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడలేదు. 2007 నవంబరులో అతడు విరమణ ప్రకటించిన అదే నెలలో స్టీవెన్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి సగౌరవంగా ప్రవేశించాడు. ఆనాటి ఆటకు ఏది గొప్పగా కనిపించేదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

సెయింట్ లారెన్స్ గారు తలబిరుసుగా చూసిన గుణాన్నే నేను మరోవైపు నుంచి చూస్తాను. 1999 ఏప్రిల్‌లో నాష్‌విల్‌లో మ్యాచ్ తరవాత ఊపిరితిత్తి కుంచించుకుపోయి, ఛాతీలో రక్తస్రావంతో హోటల్ గదిలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నప్పుడు, జట్టు అతణ్ని విమానంలో ఫిలడెల్ఫియాకు పంపాలనుకుందని, అలా పంపి ఉంటే బతికేవాడు కాడని కుటుంబం ఆరోపించింది. జనరల్ మేనేజర్ బాబీ క్లార్క్ దాన్ని ఖండించాడు. 2000 మార్చిలో తన కంకషన్‌ను (తలదెబ్బతో మెదడుకు కలిగే గాయాన్ని) జట్టు సిబ్బంది గుర్తించలేకపోయారని లిండ్రోస్ బహిరంగంగా అన్నాడు. ఆ నెలలోనే కెప్టెన్సీ తీసేశారు. తల తిరుగుతోందని చెప్పిన ఆటగాణ్ని పిరికివాడిగా చూసే డ్రెస్సింగ్ రూముల కాలమది. అతడి తమ్ముడు బ్రెట్ కూడా కంకషన్ల వల్లనే 20 ఏళ్లకే, 51 మ్యాచ్‌లతో ఆట మానుకున్నాడు. ఇంట్లో అలాంటి ఉదాహరణ ఉన్నవాడు తన తల గురించి మాట్లాడటాన్ని అహంకారమని ఎలా అంటాం?

మన క్రికెట్లో కంకషన్ సబ్‌స్టిట్యూట్ వచ్చిందే 2019లో. ఆ ఆగస్టులో లార్డ్స్‌లో ఆర్చర్ బంతి మెడకు తగిలిన స్మిత్ స్థానంలో లబుషేన్ దిగినప్పుడు, మా ఇంట్లో పెద్దవాళ్లు "ఈ మాత్రానికేనా?" అన్నారు. పంతొమ్మిదేళ్ల ముందు లిండ్రోస్ ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇదే.

జవాబు: ఉత్తరవాహిని

అందరికీ ధన్యవాదాలు. పునరావాసం గారి మాటకు ఒక చిన్న చేర్పు అవసరమనిపిస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్ తలపై దెబ్బలను నిషేధించే 48వ నిబంధన తెచ్చింది 2010లో. దానికి తక్షణ కారణం బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్‌కు తగిలిన దెబ్బ. అంటే లిండ్రోస్ పడిపోయిన పదేళ్లకు గాని లీగ్ కదలలేదు. కాబట్టి నిబంధనను మార్చిన ఘనత ఎవరైనా అతడికి ఇస్తే అది నాకు అతిశయోక్తిగానే తోస్తుంది. ఆట మానుకున్న తరవాత చేసిన పని మాత్రం కాదనలేనిది. లండన్ (ఒంటారియో) ఆసుపత్రికి 50 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఆటగాళ్ల సంఘంలో అంబుడ్స్‌మన్‌గా (ఫిర్యాదులు చూసే అధికారిగా) కొంతకాలం పనిచేశాడు. బడిపిల్లల ఆటల్లో కంకషన్లకు సంబంధించి ఒంటారియో 2018లో ఆమోదించిన రోవన్ చట్టానికి మద్దతుగా నిలిచాడు.

అయితే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఇవేవీ అవసరం లేదనేది ఈ చర్చ చదివాక నా అభిప్రాయం. ఇతర ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు క్యామ్ నీలీ 726 మ్యాచ్‌లు, పావెల్ బురే 702 మ్యాచ్‌లు మాత్రమే ఆడారు, ఇద్దరికీ కప్పు లేదు. వాళ్లిద్దరినీ లిండ్రోస్ కంటే ముందే చేర్చుకున్నారు. అలాంటప్పుడు ఆరేళ్ల జాప్యానికి కారణం ఆటలో దొరకదు. 1991 జెర్సీ, ఏజెంటుగా వ్యవహరించిన తండ్రి, క్లార్క్‌తో పోట్లాట, వీటిలోనే వెతకాలి.

జవాబు: సెయింట్ లారెన్స్ తీరం

క్లార్క్ పేరు ఎత్తారు గనుక చెబుతున్నాను: అన్ని గొడవలయ్యాక కూడా, ఆటను బట్టి చూస్తే లిండ్రోస్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు అర్హుడేనని క్లార్క్ స్వయంగా అన్నాడు. నేను అంతకంటే కఠినంగా ఉండనవసరం లేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉండాలి, సరే. కానీ అదే బేరంలో చేతులు మారిన ఫోర్స్‌బెర్గ్ కంటే మెట్టు పైన నిలబెడతానంటే మాత్రం ఒప్పుకోను. రెండు స్టాన్లీ కప్పులు, స్వీడన్‌కు రెండు ఒలింపిక్ స్వర్ణాలు, మ్యాచ్‌కు 1.25 పాయింట్లు, లిండ్రోస్‌కు ఇది 1.14.

జవాబు: డెలావేర్ ఒడ్డు (ఫిలడెల్ఫియా)

లిండ్రోస్‌కు 2002 సాల్ట్ లేక్ స్వర్ణం ఉందని మరిచారు. ఫోర్స్‌బెర్గ్ కూడా గాయాలతో ఏళ్లకు ఏళ్లు పోగొట్టుకున్నాడు, కానీ అతణ్ని ఎవరూ "ఎంతటివాడు కావలసినవాడో" అని కొలవరు, ఏం చేశాడో దాన్నే లెక్కిస్తారు. 1992 నుంచి 2000 దాకా లిండ్రోస్ ఏం చేశాడో దాన్ని కూడా అదే కొలతతో చూడండి. అప్పుడు ఎవరు మెట్టు పైనో మీరే చెప్పండి.