సంఘం వార్తాలేఖలో నాయకుల పేర్లకు ‘గారు’ పెట్టాలా?

పెరంబూరు_తెలుగు:
చెన్నైలో మా తెలుగు సంఘం నెలకోసారి నాలుగు పేజీల వార్తాలేఖ వేస్తుంది. చివరి పేజీ ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు రాజకీయ వార్తలకు. ప్రతి నెలా ఒకటే పేచీ: ఆయనకు గారు పెట్టారు, మా నాయకుణ్ణి పొట్టి పేరుతో సరిపెట్టారు, ఇది పక్షపాతం కాదా అని. అందరికీ గారు తగిలిస్తే గొడవ వదులుతుందా? డెస్కుల్లో పనిచేసినవాళ్లు చెప్పండి. పెద్ద పత్రికల మీద, టీవీల మీద ఫిర్యాదు చేసే దారి కూడా తెలిస్తే అదీ వేస్తాం.

సబ్‌ఎడిటర్_టీనగర్:
అందరికీ తీసేయండి. వార్తలో మర్యాద క్రియలోనే ఉంటుంది: అన్నారు, వెళ్లారు. మొదటిసారి హోదా, పూర్తి పేరు. ఆ తర్వాత వాడుకలో ఉన్న పేరు. ముఖ్యమంత్రికైనా డిపాజిట్ పోయిన అభ్యర్థికైనా ఇదే లెక్క. శీర్షికలో చోటు చాలక బాబు, జగన్, కేసీఆర్ అనడం మామూలే. ఒకే పేజీలో ఒకరికి పొట్టి పేరు, ఇంకొకరికి హోదా వేస్తేనే తంటా. అరెస్టయిన రోజు నుంచి ‘చెప్పారు’ కాస్తా ‘చెప్పాడు’ అయిపోవడం చాలాచోట్ల చూస్తాం. అది వద్దు. తీర్పు వచ్చేదాకా నిందితుడు, నేరం రుజువైతే దోషి, క్రియ మాత్రం ఎప్పటిదే.

అసలు పక్షపాతం గారులో లేదండీ. మనకు నచ్చినాయన మాట్లాడితే ‘స్పష్టం చేశారు’, ‘భరోసా ఇచ్చారు’. నచ్చనాయన అయితే ‘అక్కసు వెళ్లగక్కారు’, ‘చిందులు తొక్కారు’, ‘బుకాయించారు’. అన్నిటి చివరా ‘రు’ ఉంది, మర్యాదకేం లోటు! కానీ ‘స్పష్టం చేశారు’ అంటే ఆయన చెప్పింది నిజమని మనమే సంతకం పెట్టినట్టు. ‘బుకాయించారు’ అంటే అబద్ధమని మనమే తీర్పిచ్చేసినట్టు. మీ నాలుగు పేజీలకు అన్నారు, చెప్పారు, తెలిపారు చాలు. ఎదుటివారి మీద తప్పు మోపితే ‘ఆరోపించారు’.

పేజీ_మేకప్:
పై మాటకు తోడు చోటు సంగతి. ఆరోపణ మొదటి పేజీలో బ్యానర్, దానికి వివరణ మూడు రోజుల తర్వాత ఏడో పేజీలో సింగిల్ కాలమ్. ఇందులో ఒక్క తప్పుడు మాటా ఉండదు, అన్యాయం మాత్రం ఉంటుంది. వివరణ అదే వార్తలో, మొదటి మూడు పేరాల్లో రావాలి. ఆరోపణ ఎదుర్కొన్నవారు దొరక్కపోతే ఎప్పుడు, ఎలా అడిగారో రాయండి. శీర్షికలో ఆరోపణ వేస్తే ఎవరన్నారో కూడా ఉండాలి. ‘రాజీనామా యోచనలో మంత్రి?’ అని ప్రశ్నార్థకం వెనక దాక్కోవద్దు. ‘విశ్వసనీయంగా తెలిసింది’ అన్నదీ అంతే.

ఫొటోలో జనం విషయం మరీ జాగ్రత్త. సభ మొదలవకముందు వెనక నుంచి తీస్తే ఖాళీ కుర్చీలు, నాయకుడు వచ్చాక వేదిక మీంచి తీస్తే జనసంద్రం. ఫొటో తీసిన సమయం అడగండి.

పెద్ద పత్రికలను తూచాలంటే రెండిటిని వారం రోజులు పక్కపక్కన పెట్టి స్కేలుతో కాలమ్ సెంటీమీటర్లు కొలవండి. పేజీ నంబరు, మడత పైనా కిందా, వాడిన క్రియ, వివరణ ఎన్నో పేరాలో ఉంది, ఇవన్నీ రాసుకోండి. ఒక్క సెంటీమీటర్లే చూస్తే మోసపోతారు, అధికారంలో ఉన్నవారికి సహజంగానే చోటు ఎక్కువ దొరుకుతుంది. ప్రభుత్వ ప్రకటనలను ఈ లెక్కలో కలపవద్దు.

పారిస్_కార్నర్:
ఫిర్యాదుల సంగతి. పత్రికైతే ముందు ఎడిటర్‌కు రాతపూర్వకంగా రాయాలి. సరైన జవాబు రాకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే చట్టబద్ధ సంస్థ ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు. దినపత్రికలకు, వారపత్రికలకు గడువు ప్రచురించిన నాటి నుంచి 2 నెలలు, మిగతావాటికి 4 నెలలు. క్లిప్పింగు, దాని ఇంగ్లిష్ అనువాదం, ఎడిటర్‌తో నడిచిన ఉత్తరాలు, ఈ విషయంపై కోర్టులో కేసు నడవడం లేదన్న డిక్లరేషన్ జతచేయాలి. తెలుగువాళ్ల ఫిర్యాదులు అనువాదం దగ్గరే చతికిలబడతాయి. గెలిచినా దక్కేది హెచ్చరిక, మందలింపు, అభిశంసన. జరిమానా వేసే అధికారం 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం ఇవ్వలేదు.

టీవీలు ప్రెస్ కౌన్సిల్ కిందికి రావు. న్యూస్ ఛానళ్ల సంఘం పెట్టుకున్న న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీకి వెళ్లాలన్నా ముందు ఛానల్‌కే రాయాలి, అదీ ప్రసారమైన 7 రోజుల్లోపు. తేదీ, టైము, కార్యక్రమం పేరు, వీడియో లింకు తప్పనిసరి. ఆ సంఘంలో సభ్యత్వం లేని ఛానల్ మీద వాళ్లేమీ చేయలేరు, ముందే జాబితా చూసుకోండి.

గౌరవం పేరుతో విమర్శనే మానేయకండి. చెన్నై నుంచి వచ్చే నక్కీరన్ పత్రిక కేసులో, అధికారుల విధి నిర్వహణపై రాసినదాన్ని అచ్చుకు ముందే ఆపే హక్కు ప్రభుత్వానికి లేదని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. నాయకుడి ఇంటి విషయాలు మాత్రం వేరు. భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం ఇప్పటికీ నేరమే, రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

పెరంబూరు_తెలుగు:
ధన్యవాదాలండీ. మరి తమిళ నాయకుల బిరుదులు? కలైజ్ఞర్, పురట్చి తలైవి అని రాయకపోతే అలిగేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు.

సబ్‌ఎడిటర్_టీనగర్:
కరుణానిధి, జయలలిత అనే రాయండి. బిరుదు అభిమానులది, వార్తది కాదు. ఎవరైనా అన్న మాటలో వస్తే కోట్స్‌లో ఉంచండి. అధికారిక పేరులో భాగమైతే కత్తిరించకూడదు: మహిళల ఆర్థిక సాయానికి తమిళనాడు పెట్టిన కలైజ్ఞర్ మగళిర్ ఉరిమై తొగై పథకం, మన సెంట్రల్ స్టేషన్‌కు 2019లో పెట్టిన పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి.రామచంద్రన్ పేరు, అటు అన్న క్యాంటీన్. స్టేషన్ పేరు సింగిల్ కాలమ్‌లో పట్టదు కాబట్టి మొదటిసారి పూర్తిగా వేసి, తర్వాత ‘చెన్నై సెంట్రల్’ అనండి.