అక్క పెళ్లి సీడీలు టీవీలో ఆడటం లేదు: డీఏటీ, ఎంఓడీ ఫైళ్లని ఏం చేయాల?

కావలి తమ్ముడు:
అన్నలూ, అక్కలూ, ఒక సందేహం. మా అక్క పెళ్లి 2004లో కావలిలోనే జరిగింది. అప్పట్లో మూడు వీసీడీలు ఇచ్చినారు. ఇవిగాక మా బావ 2008లో కొన్న హ్యాండీక్యామ్‌తో తీసిన పాప అన్నప్రాశన, పాత హార్డ్ డిస్కులో ఉండాది. వచ్చే నెల అక్కావాళ్లు వస్తా ఉండారు. టీవీలో పెడదామంటే ఒక్కటీ ఆడటం లా. సీడీలో డీఏటీ ఫైలు ఉండాది, హ్యాండీక్యామ్ ఫోల్డర్లో ఎంఓడీ ఫైళ్లు, వాటి పక్కన ఎంఓఐ అని చిన్న చిన్న ఫైళ్లు. పైగా రెండో సీడీ కాపీ పెడితే సగంలో ఎర్రర్ కొట్టి ఆగిపోతాది. మా నాయన కన్యాదానం చేసేది ఆ సీడీలోనే ఉండాది. ఆయన ఇప్పుడు లేడు. ఏం చేయమంటారు?

కందుకూరు:
చాలా ఈజీ బ్రో. ఫైలు పేరు చివర డీఏటీ తీసేసి ఎంపీ4 అని పెట్టు. అయిపోతుంది.

ఒంగోలు వీడియో అన్న:
అట్లా అయిపోదు బాబూ. సంచి మీద మొలగొలుకులు అని అచ్చేసినంత మాత్రాన లోపల ఉండే బియ్యం మారతాయా? పేరు చివరి అక్షరాలు సంచి మీద అచ్చు మాత్రమే. వీఎల్‌సీ లాంటి ప్లేయర్ సంచి విప్పి చూసుకుంటుంది కాబట్టి పేరు ఏదైనా ఆడిస్తుంది. టీవీకి అంత ఓపిక లేదు.

తమ్ముడూ, నేను పెళ్లి వీడియోలు, మిక్సింగ్ చేసేవాణ్ణి. ఇట్లాంటి డిస్కులు నెలకి రెండు మూడు వస్తాయి నా దగ్గరికి. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైలు అందులో వేస్తే లోపల ఏముందో చెప్పేస్తుంది. నీ డీఏటీలో ఎంపెగ్-1 అనే పాత రకం వీడియో ఉంటుంది, బొమ్మ 352×288 చుక్కలు. ఎంఓడీలో ఎంపెగ్-2, బొమ్మ 720×576. ఎంఓఐలో వీడియో ఉండదు, తేదీ లాంటి వివరాలే. వాటిని మార్చే పని లేదు, అట్లని చెరిపేయొద్దు.

మార్చడం తర్వాత. ముందు ఆ రెండో సీడీ సంగతి చూడు. సీడీ మీద డేటాని సెక్టార్లని చిన్న చిన్న గదుల్లో రాస్తారు. వీసీడీలో వీడియో ఉన్నచోట ఒక్కో సెక్టారులో 2,324 బైట్లు కుక్కుతారు. మామూలు డేటా సీడీలో అయితే 2,048 బైట్లే, మిగతా చోటు తప్పులు దిద్దే సమాచారానికి వదులుతారు. పాట కొంచెం గరగరలాడినా నష్టం లేదనుకుని వీసీడీలో ఆ కాపలా తీసేశారు. అందుకే గీత పడితే కంప్యూటర్‌కి చదవడం కష్టం. విండోస్ కాపీలో ఒక్క సెక్టారు అందకపోయినా మొత్తం కాపీ ఆగిపోతుంది.

డిస్కుని మంచినీళ్లతో, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడుగు. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడువు, గుండ్రంగా తిప్పొద్దు. గుండ్రంగా పడిన గీత డేటా దారి వెంటే పోతుంది, అది అడ్డగీత కన్నా చెడ్డది. పేస్టు పూసి రుద్దేవాళ్లు ఉన్నారు, నాకది నచ్చదు. ఇంకో డ్రైవులో కూడా పెట్టి చూడు. నా అనుభవంలో పాత డెస్క్‌టాప్ డ్రైవులే నయం. అయినా ఆగిపోతే ఐసోబస్టర్ అని పాడైన డిస్కులు చదివే సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో తీయి. చదవలేని సెక్టార్లు వదిలేసి ముందుకు పోతుంది, అక్కడ బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది, అంతే.

దర్గామిట్ట అక్క:
అన్న చెప్పింది కరెక్ట్. కాపీ చేతికొచ్చాక హ్యాండ్‌బ్రేక్ అని వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వెయ్యి. అదీ ఉచితమే. అందులో ముందే అమర్చిన సెట్టింగుల్లో (ప్రీసెట్) 'ఫాస్ట్ 576పీ25' పెట్టి, నాణ్యత అంకె ఆర్‌ఎఫ్ 20 ఉండేలా చూసుకో. అంకె తగ్గే కొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. ఫార్మాట్ ఎంపీ4, కోడెక్ (అంటే వీడియోని కుదించే పద్ధతి) హెచ్.264. హెచ్.265 జోలికి పోవద్దు, పాత టీవీలు దాన్ని గుర్తుపట్టవు. వీసీడీని ఫుల్ హెచ్‌డీకి పెంచాలని చూడొద్దు. 352×288 బొమ్మలో లేని ముక్కుపుడకని హ్యాండ్‌బ్రేక్ తెచ్చిపెట్టలేదు.

కందుకూరు:
ఇంత బాధెందుకక్కా, ఫైలు అప్‌లోడ్ చేస్తే మార్చిచ్చే సైట్లు బోలెడున్నాయి.

దర్గామిట్ట అక్క:
ఒక్కో సీడీ ఆరేడు వందల ఎంబీ. అంతా ఎక్కించి దించేలోపు అన్నం వండి, తిని, గిన్నెలు కూడా కడిగేస్తాను. పైగా ఇంటి ఆడవాళ్ల పెళ్లి వీడియో ఎవరి సర్వర్లోనో ఎందుకు పెట్టాలి?

సింగరాయకొండ:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నా దగ్గర హెచ్‌డీ హ్యాండీక్యామ్‌తో తీసిన ఎంటీఎస్ ఫైళ్లున్నాయి. నేనూ ఇదే చేయాలా?

ఒంగోలు వీడియో అన్న:
వద్దు. ఎంటీఎస్ లోపల అప్పటికే హెచ్.264 ఉంటుంది, ఆ బియ్యాన్నే ఎంపీ4 అనే వేరే సంచిలోకి పోస్తే చాలు, ఉత్త పేరు మార్చడం కాదు. అవిడెమక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వీడియోకి 'కాపీ', ఆడియోకి ఏఏసీ, అవుట్‌పుట్‌కి ఎంపీ4 మక్సర్ పెట్టు. బొమ్మ నాణ్యత నలుసంత కూడా పోదు, నిమిషాల్లో అయిపోతుంది.

కావలి తమ్ముడు:
అన్నా, ఒకటో సీడీ, మూడో సీడీ బ్రహ్మాండంగా వచ్చినాయి. ఎంఓడీ కూడా టీవీలో ఆడతా ఉండాది. అయితే దాంట్లో అందరూ సన్నగా, పొడుగ్గా ఉండారు. మా మేనమామ వంద కిలోల మనిషి, తాటిచెట్టు మాదిరి నిలబడుకోని ఉన్నాడు. పాప చెయ్యి ఊపితే చేతి అంచున దువ్వెన పళ్లలాగా గీతలు.

ఒంగోలు వీడియో అన్న:
మీ మామకి ఆ వీడియో నచ్చుతుందిలే, ఒక కాపీ అట్లానే ఉంచు!

ఎంఓడీతో ఇది మామూలే. వైడ్‌లో తీసినా ఆ సంగతి వీడియో లోపల సరిగా రాసిపెట్టదు. అందుకే వెడల్పాటి 16:9 బొమ్మని పాత టీవీల 4:3 ఆకారంలో ఇరికించి చూపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో డైమెన్షన్స్‌కి పోయి అనామార్ఫిక్ దగ్గర 'కస్టమ్' పెట్టి, డిస్‌ప్లే సైజు 1024×576 ఇవ్వు. మామ మామూలు మనిషి అవుతాడు. దువ్వెన గీతలు ఇంటర్‌లేస్ వల్ల. ఆ కెమెరా బొమ్మలోని అడ్డ వరసల్లో సగం ఒకసారి, మిగతా సగం మరోసారి తీస్తుంది. ఆ మధ్యలోనే చెయ్యి కదిలిపోతుంది. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర 'యాడిఫ్' పెట్టు. ముందు ఒక్క నిమిషం ముక్క మార్చి టీవీలో చూసుకో, రాత్రంతా నడిపాక తప్పు తెలిస్తే ఏడుపొస్తుంది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. అన్నీ కలిపి ఒకే ఫైలు చేయకుండా విడివిడిగా ఉంచు.

కావలి తమ్ముడు:
రెండో సీడీ వచ్చిందన్నా! కడిగినా మా ల్యాప్‌టాప్ డ్రైవు తీసుకోలా. పక్కింటాయన పాత డెస్క్‌టాప్‌లో ఐసోబస్టర్‌తో తీసినాను. మధ్యలో ఒకచోట కొన్ని సెకన్లు బొమ్మ గళ్లుగళ్లుగా పోతాది, అది భోజనాల పంక్తి దగ్గర. కన్యాదానం మొత్తం ఉండాది. నాయన బావ కాళ్లు కడిగేటప్పుడు చెంబు జారి నీళ్లు పట్టుపంచె మీద పడితే, అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంటాది. అది జరిగిందని మాకెవరికీ గుర్తే లేదు. అమ్మ రాత్రి నుంచి అదే తిప్పి తిప్పి పెట్టమంటా ఉండాది.