క్లాస్కోటెరోన్ కోసం ఆగాలా, ఫినాస్టరైడ్ మొదలెట్టేయాలా?

అన్నలూ, మాది పర్లాకిమిడి, వయసు 27. జుట్టు రాలుతోందని రెండేళ్లుగా మినాక్సిడిల్ 5% తలకి రాసుకుంటున్నా, నడినెత్తి మీద జుట్టు కాస్త నిలబడింది గానీ నుదురు దగ్గర వెనక్కి పోతూనే ఉంది, మొన్న పొద్దున తలగడ మీద వెంట్రుకలు ఏరుతుంటే అమ్మ చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. బరంపురంలో డాక్టర్ గారు ఫినాస్టరైడ్ 1 ఎంజీ మాత్రలు రాశారు, సైడ్ ఎఫెక్ట్స్ చదివాక భయమేసి స్ట్రిప్ ఇంకా చింపలేదు, ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు. క్లాస్కోటెరోన్ అనే పైపూత మందు అయితే రాసిన చోటే డీహెచ్‌టీని (జుట్టు రాలేలా చేసే హార్మోన్‌ని) అడ్డుకుంటుందంట, మొటిమలకి 1% క్రీమ్‌గా అమెరికాలో 2020లోనే ఓకే అయింది, జుట్టుకి 5% మీద ట్రయల్స్ చేశారు. చాలా ఆశ పెట్టుకున్నా, కానీ అది మన మెడికల్ షాపుకొచ్చేలోపు కుదుళ్లు పోతే మళ్లీ వస్తాయా? ఫినాస్టరైడ్ వాడినవాళ్లు మొదటి ఆరు నెలలు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.